చుక్కల లెక్క వదిలి నేల చూడండి

పెద్ద టీవీ కొందామనుకున్న ఇంట్లో మొదట లేచే ప్రశ్న "4కె తీసుకుందామా, 8కె తీసుకుందామా?" అని. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22న 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. దాంతో 43 అంగుళాల దగ్గర ఆగిపోయేవాళ్ళు కూడా 65 వైపు చూస్తున్నారు, ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వినిపిస్తోంది. హాల్లోనే సినిమాహాలు కట్టుకోవాలన్న కోరిక ముచ్చటైనదే. దాన్ని పిక్సెళ్ళ లెక్కతో కొలవడమే డబ్బు దండగయ్యే పొరపాటు. వెలగకూడని చోట ఈ తెర ఎంత బాగా ఆరిపోతుంది? కొనేవాళ్ళు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది. దుకాణంలో దీన్ని అడిగేవాళ్ళు అరుదు, చెప్పేవాళ్ళు ఇంకా అరుదు.

ముందు ఈ పిక్సెళ్ళ, అంటే చుక్కల సంగతి తేల్చేద్దాం. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం దాదాపు 21 లక్షల చుక్కలు. 4కెలో 83 లక్షలు. 8కెలో 3 కోట్ల 32 లక్షలు. అంకె నాలుగింతలైనప్పుడల్లా బొమ్మ కూడా నాలుగింతలు బాగుపడుతుందనిపించడం సహజమే. కానీ చూడవలసింది కన్ను, దానికో హద్దుంది. కళ్ళ డాక్టరు గదిలో గోడకు వేలాడే అక్షరాల పట్టికను 1862లో నెదర్లాండ్స్ వైద్యుడు హెర్మన్ స్నెలెన్ రూపొందించాడు. 6/6 చూపు అంటే, అక్షరంలోని గీత మందం కంటి దగ్గర ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం చేసినా దాన్ని పోల్చుకోగలగడం. అంతకన్నా సన్నని గీతలు పక్కపక్కనే ఉంటే మామూలు కంటికి అలుక్కుపోయి ఒకటిగా కనిపిస్తాయి. ఈ కొలతను టీవీకి పెట్టి చూడండి. 65 అంగుళాల తెర వెడల్పు 144 సెంటీమీటర్లు. దాన్ని 3840తో భాగిస్తే 4కె చుక్క వెడల్పు 0.375 మిల్లీమీటర్లు వస్తుంది. అంత చుక్క ఆ అరవయ్యో వంతు కోణం చేసేది దాదాపు నాలుగడుగుల దూరంలో. అక్కణ్ణుంచి వెనక్కి జరిగేకొద్దీ చుక్కలు కలిసిపోతుంటాయి. అదే సైజు ఫుల్ హెచ్‌డీ తెరలోనైతే ఎనిమిదిన్నర అడుగుల దాకా చుక్క చుక్కగా తెలుస్తుంది. 8కె చుక్కలు విడివిడిగా తెలియాలంటే మాత్రం తెరకు రెండడుగుల్లో కూర్చోవాలి. మన హాళ్ళలో సోఫాకీ టీవీ గోడకీ మధ్య ఎనిమిది నుంచి పదడుగులుంటాయి. అంత దూరంలో 8కెకి పోసిన డబ్బు కంటికి చేరదు. "6/6 కన్నా చురుకైన చూపున్నవాళ్ళు లేరా?" అని అడగవచ్చు. ఉన్నారు, ముఖ్యంగా చిన్న వయసులో. మామూలుకు రెట్టింపు చురుకైన కన్నే అనుకుందాం. ఆ కంటికి కూడా 65 అంగుళాల 4కె చుక్కలు ఎనిమిదిన్నర అడుగులు దాటితే కలిసిపోతాయి. డేగ కన్నున్నవాళ్ళకీ సోఫాలోంచి 4కె చాలు.

"రేపు అన్నీ 8కెలో వస్తే?" అన్నది తర్వాతి ప్రశ్న. ఇవాళ వస్తున్నదేమిటో చూస్తే దాని బరువెంతో తెలుస్తుంది. బాహుబలి మొదటి భాగాన్ని కె.కె. సెంథిల్ కుమార్ ఆరీ అలెక్సా ఎక్స్‌టీ కెమెరాతో తీశారు. దాని సెన్సరులో బొమ్మకు అడ్డంగా దక్కేవి 3,500 చుక్కల లోపే, అంటే 4కె కూడా కాదు. థియేటర్లు డిజిటల్‌కు మారినప్పుడు పెట్టిన ప్రొజెక్టర్లలో చాలావరకు 2కె రకం, అడ్డంగా 2048 చుక్కలు. అంత పెద్ద తెర మీద బాహుబలిలోని జలపాతం చూసినవాళ్ళెవరూ చుక్కలు చాలలేదని బయటికి రాలేదు. ఇంటికొచ్చే హెచ్‌డీ చానళ్ళు 1080 గీతల దగ్గరే ఉన్నాయి. ఇంటర్నెట్‌లో వచ్చే 4కె సినిమా సెకనుకు 15, 20 మెగాబిట్లకు నలిగి వస్తుంది. 4కె బ్లూరే డిస్క్‌లో అదే సినిమా అంతకు మూడు నాలుగు రెట్ల దారిలో పారుతుంది. రెండింటిలోనూ చుక్కలు 83 లక్షలే. పొగ, వాన, చీకటి ఉన్న దృశ్యాల్లో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. ధనుర్మాసంలో ముగ్గు పెట్టేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కోస్తాలో కళ్ళాపి అన్నా, తెలంగాణలో సాన్పి అన్నా, ముందు పేడనీళ్ళు చల్లి నేలను ముదురు రంగుకు తేవాలి. ఆ తడి నేల మీద పిండి గీత మెరుస్తుంది. అదే పిండితో, అదే చేత్తో, అవే ఇరవై ఒక్క చుక్కలతో వెలిసిపోయిన సిమెంటు వాకిట్లో పెట్టిన ముగ్గు నాలుగడుగుల అవతలికి పాలిపోతుంది. దాన్ని బాగుచేయడానికి చుక్కలు పెంచితే లాభమేముంది? పిండి ఇంకా గుప్పించినా లాభం కొంతే. నేల మారాలి. కన్ను వెలుగును దాని పక్కనున్న చీకటితో పోల్చుకుని చూస్తుంది. టీవీ తెరలో నలుపే నేల, వెలుగే పిండి, పిక్సెళ్ళే చుక్కలు.

సినిమాహాలే దీనికి సాక్ష్యం. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. ఒక నిట్ అంటే చదరపు మీటరు తెరకు ఒక కొవ్వొత్తి పాటి వెలుగు. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం థియేటర్ తెర మీద పూర్తి తెలుపు 48 నిట్లే. మన ఇళ్ళలోని సాదా టీవీ కూడా దానికి నాలుగైదు రెట్లు వెలుగుతుంది. అయినా థియేటర్లోనే బొమ్మ నిండుగా ఉంటుంది, ఎందుకంటే తలుపులు మూసి దీపాలార్పి నేలను నల్లబరిచాకే ముగ్గు మొదలుపెడతారు. ప్రొజెక్టరు కొంటామనేవాళ్ళు ఇక్కడే ఆలోచించాలి. ప్రొజెక్టరు వెలుగును విసరగలదు, చీకటిని విసరలేదు. ట్యూబ్‌లైటు వేసిన గదిలో దాని నలుపు, గోడ తెలుపే.

దుకాణంలో "ఎల్‌ఈడీ టీవీ" అని అమ్మేది నిజానికి ఎల్‌సీడీ. వెనక ఎల్‌ఈడీ దీపాలు ఎప్పుడూ వెలుగుతుంటాయి. ముందున్న ద్రవస్ఫటికాలు చిన్న చిన్న తలుపుల్లా మూసుకుని ఆ వెలుగును ఆపాలి. ఏ తలుపూ సందు లేకుండా మూసుకోదు. ఐపీఎస్ రకం తెరలో తెలుపు నలుపుకు సుమారు వెయ్యి రెట్లే. వీఏ రకంలో మూడు నుంచి ఐదు వేల రెట్లుంటుంది, పక్కనుంచి చూస్తే మాత్రం రంగు వెలుస్తుంది. క్యూఎల్‌ఈడీ అన్న పేరు విని చాలామంది ఓఎల్‌ఈడీ అనుకుని డబ్బిచ్చేస్తున్నారు. క్యూఎల్‌ఈడీ కూడా ఎల్‌సీడీయే, మధ్యలో క్వాంటం డాట్ల పొర ఒకటి అదనం. ఆ పొర తక్కువదేం కాదు. ఒకే పదార్థపు రేణువు, సైజు కాస్త పెరిగితే ఎర్రగా, తగ్గితే పచ్చగా వెలుగునిస్తుంది! రంగును రేణువు కొలత నిర్ణయిస్తుందన్న ఈ అద్భుతాన్ని వెలికితీసి, అలాంటి రేణువులను తయారుచేసినందుకే 2023లో బావెండి, బ్రూస్, ఎకిమోవ్ రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. కానీ అది పిండికి వన్నె తెచ్చే విద్య, నేలను నల్లబరచదు. ఓఎల్‌ఈడీ సంగతి వేరు. 1987లో కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ వెలుగులోకి తెచ్చిన పద్ధతి నుంచి పెరిగిన ఈ తెరలో వెనక దీపమే ఉండదు. ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, అక్కర్లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. నల్లరాతి బండ మీద ముగ్గు అనుకోండి. ఈ రెంటికీ మధ్య మినీ ఎల్‌ఈడీ ఉంది. వాకిలిని గళ్ళుగా విడదీసి, ముగ్గు లేని గళ్ళకే కళ్ళాపి చల్లడం లాంటి పని ఇది. ముగ్గు కొస ఒక గడిలోకి కాస్త వచ్చినా ఆ గడంతా పొడిగా వదిలేయాలి. అందుకే రాత్రి ఆకాశంలో చందమామ చుట్టూ లేని పొగమంచు కనిపిస్తుంది. గళ్ళు ఎంత చిన్నవైతే అంత మేలు. కాబట్టి మినీ ఎల్‌ఈడీ కొనేటప్పుడు అడగవలసిన అంకె, వెనక దీపాలు ఎన్ని గళ్ళుగా ఆరుతాయన్నది. వందల్లో ఉంటే సరే, వేలల్లో ఉంటే భేష్.

"మాది పగలంతా వెలుతురొచ్చే హాలు, ఈ నలుపు గొడవ మాకెందుకు?" అనే అభ్యంతరంలో నిజముంది. కిటికీ వెలుగు తెర మీద పడితే ఎంత ఖరీదైన నలుపైనా బూడిదరంగే. దానికి మొదటి మందు పరదా, రెండోది టీవీని కిటికీకి ఎదురుగా పెట్టకపోవడం. ఇక్కడే వాస్తు అడ్డొస్తోంది. కరెంటు అగ్ని కాబట్టి టీవీ ఆగ్నేయ మూలే ఉండాలని చెప్పేవాళ్ళ మాట విని, సరిగ్గా కిటికీ ఎదుటి గోడకు లక్షన్నర టీవీని బిగించి, పగలంతా అందులో కిటికీని చూసుకుంటున్నారు. టీవీ పనితీరుకూ దిక్కుకూ ఏ సంబంధమూ లేదు, వెలుగుతో ఉంది. చెప్పేవాళ్ళకు పోయేదేం లేదు, పాడయ్యేది కొన్నవాళ్ళ బొమ్మ. పరదా వేసినా ఆగని వెలుతురైతే, లేదా ఇంట్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా న్యూస్ చానల్ నడుస్తూ ఉంటే, మినీ ఎల్‌ఈడీయే తీసుకోండి. తెలుగు న్యూస్ చానళ్ళ అడుగున రోజంతా కదలని ఎర్ర పట్టీ, మూలన చానల్ గుర్తు ఉంటాయి. ఓఎల్‌ఈడీలో ఎక్కువసేపు ఒకేలా వెలిగిన చుక్కలు తక్కినవాటికన్నా ముందు అరిగిపోతాయి. ఏళ్ళ తరబడి అలా నడిస్తే ఆ పట్టీ నీడ సినిమా మీద కూడా మిగిలిపోవచ్చు. సాయంత్రం సినిమాకే టీవీ పెట్టే ఇంటికి ఆ భయం అక్కర్లేదు.

చుక్కల మీద మిగిల్చిన డబ్బు సైజు మీద పెట్టడం తెలివైన పని. సినిమా అనుభూతికి తెర కంటి ముందు కనీసం 30 డిగ్రీల మేర పరుచుకోవాలన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న కొలత. ఆ లెక్కన ఏడున్నర అడుగులకు 55 అంగుళాలు, తొమ్మిదికి 65, పదికి 75. "అంత పెద్దది అంత దగ్గరా? కళ్ళు పోవూ?" అంటారు పెద్దలు. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కలర్ టీవీలు కొన్ని పరిమితికి మించి ఎక్స్‌రేలు వెలువరిస్తున్నాయని బయటపడింది. టీవీకి దూరంగా కూర్చోవాలన్న హెచ్చరికకు ఆనాటి భయం బాగా బలమిచ్చింది. అవి అధిక వోల్టేజితో నడిచే పిక్చర్ ట్యూబులు. ఇప్పటి తెరల్లో ఆ ట్యూబే లేదు. ఎనిమిదడుగుల్లోని 65 అంగుళాల టీవీ కన్నా ముఖానికి అడుగు దూరంలోని ఫోనే కంటికి ఎక్కువ శ్రమ.

ధ్వని గురించి ఒక్క మాట. పలచని టీవీల్లో స్పీకర్లు చిన్నవి, కిందికో వెనక్కో మొహం పెట్టి ఉంటాయి, మాటలు ముద్దగా వినిపిస్తాయి. బడ్జెట్‌లో ఐదో వంతైనా సౌండ్‌బార్‌కు ఉంచండి. దాన్ని టీవీలో ఈఆర్క్ అని రాసున్న హెచ్‌డీఎంఐ రంధ్రానికి కలపండి.

ఇక దుకాణంలో. అక్కడ టీవీలన్నీ వివిడ్ అనో డైనమిక్ అనో పేరున్న మోడ్‌లో ఉంటాయి. తలమీది దీపాల వెలుగుతో పోటీపడటానికి నీలిగా, మితిమీరి మండుతూ నెమళ్ళనూ పూలతోటలనూ చూపిస్తుంటాయి. ఆ నెమలిని చూసి కొనకండి. మోడ్‌ను ఫిల్మ్‌మేకర్‌కో సినిమాకో మార్చమనండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ 2019లో దర్శకుల మద్దతుతో వచ్చింది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో టీవీ తనంతట తాను ఫ్రేములు చొప్పించి సీరియల్‌లా జారుడుగా మార్చడాన్ని అది ఆపేస్తుంది. తర్వాత మీ దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లోంచి రాత్రి దృశ్యాలున్న స్కోప్ సినిమా ఒకటి పెట్టించండి. 65 అంగుళాల తెర ఎత్తు 81 సెంటీమీటర్లయితే, స్కోప్ బొమ్మ అందులో 60 సెంటీమీటర్లే తీసుకుంటుంది. పైనా కిందా పదేసి సెంటీమీటర్లు నల్ల పట్టీలు. ఆ పట్టీలను టీవీ అంచు ఫ్రేముతో పోల్చండి. పట్టీ ఎక్కడ ముగిసి ఫ్రేము ఎక్కడ మొదలైందో తెలియకపోతే ఆ నేల మంచిది. పట్టీ బూడిదరంగులో తేలితే వెల ఎంత తగ్గించినా పక్క టీవీ దగ్గరికి నడవండి. పక్కనుంచి కూడా ఒకసారి చూడండి, సోఫాలో అందరూ మధ్యలో కూర్చోరు కదా. చివరగా సినిమాను ఆఖరి దాకా జరిపి రోలింగ్ టైటిల్స్ నడిపించి, నల్లటి తెర మీద పైకి పాకే తెల్లటి పేర్ల చుట్టూ వెలుగు మసక ఉందేమో ఒక్క నిమిషం నిలబడి చూడండి.