పొరను తొలుచు కణమునకు పరీక్ష

క్యాన్సరు గడ్డలోని కణము పుట్టినచోటనే పెరుగుచున్నంతకాలము శస్త్రవైద్యునకు లొంగునుగాని, చుట్టునున్న పొరను తొలిచి రక్తనాళములలోనికి జొరబడినచో ప్రాణాంతకమగునని పాఠము చెప్పుచుండగా, మా మైదుకూరు విద్యార్థి యొకడు "ఏ కణం పొర దాటుతుందో ముందే ఎట్ల తెలుస్తాది సార్?" అని యడిగెను. దీనికి సమాధానముగా నాకు మిక్కిలి ముచ్చటగొలుపు ఉపకరణ మొకటి కలదు.

స్టీఫెన్ బాయ్‌డెన్ 1962లో తెల్లరక్తకణముల నడకను కొలుచుటకై రెండరల పేటికను కల్పించెను: పైయరలో కణములు, క్రిందియరలో వానిని ఆకర్షించు ద్రవము, నడుమ సన్నని రంధ్రముల వడపోత రేకు. 1987లో అడ్రియానా ఆల్బీనీయు ఆమె సహచరులును ఈ రేకుపై, చిట్టెలుక గడ్డనుండి తీసిన మాట్రిజెల్ అను పదార్థమును పూసిరి. లామినిన్, నాలుగవ రకపు కొల్లాజెన్ మొదలగువానితో నిండిన యీ పదార్థము చల్లగానున్నపుడు ద్రవమై ప్రవహించి, దేహోష్ణమునకు రాగానే జున్నువలె గట్టిపడి రంధ్రములను మూసివేయును. ఇక ఊరక ప్రాకుటకు దారి లేదు. కణము తన యింటెగ్రిన్లనెడి పట్టుకొక్కెములతో ఈ గట్టిపడిన మాతృకను పట్టుకొనవలెను, ప్రోటియేజులనెడి ఎంజైములను స్రవించి దానిని కోయవలెను, ఏర్పడిన సందులో తన దేహమును సన్నముచేసికొని ఈడ్చుకొనిపోవలెను. వీనిలో ఏది లోపించినను చాలవరకు పైననే నిలిచిపోవును. కొన్ని గంటలైన పిమ్మట పైభాగమును దూదితో తుడిచి, అడుగున చేరిన కణములకు రంగువేసి సూక్ష్మదర్శినిలో లెక్కించిన, ఆ కణముల దురాక్రమణశక్తి అంకెగా తేలును. మానవకణమునకు ఎలుకసొమ్మును అడ్డుగా నిలుపుట ఈ పరీక్షలోని బలహీనత యని నా యభిప్రాయము.

ఈ పరీక్షకు చావక తరతరములుగా పెరుగు కణములు కావలెను. 1951లో బాల్టిమోరున జార్జి గై, హెన్రియెట్టా లాక్స్ గడ్డనుండి, ఆమెకు తెలియకయే తీసిన కణములతో, హీలా వంశమును నిలిపెను. తరువాత హ్యూస్టనులో రెల్డా కైయో నెలకొల్పిన ఎమ్‌డీఏ-ఎమ్‌బీ-231, డెట్రాయిటునందలి ఎమ్‌సీఎఫ్-7 అను కణవంశములు వచ్చినవి. రెండును ఊపిరితిత్తుల చుట్టు చేరిన నీటినుండి తీసిన రొమ్ముక్యాన్సరు కణములేయైనను, మొదటివి మాతృకను తొలుచుకొని దిగిపోగా, రెండవవి చాలవరకు పైననే యుండును. 

మా ప్రాంతపు పేరుతోనే మైదుకూరు రకమని ప్రసిద్ధమైన పసుపులోని కుర్కుమిన్ అను పదార్థము ఇట్టి పరీక్షలలో, అనగా ప్రయోగశాల పళ్ళెములో, ఇట్టి కణములను అదుపుచేయుట నిజమే. కాని మ్రింగిన కుర్కుమిన్ రక్తములోనికి చేరుట అత్యల్పము. కావున పళ్ళెములోని విజయమును చూచి వైద్యుని చికిత్సను మానవలదని పాఠకులకు మనవి.