కూర్దూ పాదిరియు నద్దకపుఁ బనివారును

కతోలిక పాదిరి పూజ చేసి, జ్ఞానస్నాన మిచ్చి పోవువాఁడు మాత్రమే యనుట చరిత్ర నెఱుఁగని మాట. 18వ శతాబ్దిలోఁ గర్ణాటక మిషనునఁ బనిచేసిన ఫ్రెంచి జేసూట్ గాస్తోఁ కూర్దూ (1691–1779) యిందులకు సాక్షి.

ఈతఁడు 1742లో వ్రాసిన లేఖయందుఁ గోరమండలతీరపు వస్త్రములకు రంగు లెక్కించు విధము సవిస్తరముగాఁ గలదు. గుడ్డను గరకకాయపొడి కలిపిన గేదెపాలలో నానవేయుట, చిరివేరుతో నెఱుపు దేర్చుట మున్నగునవి వరుసగా వర్ణితములు. చెప్పినవారు క్రైస్తవమతమునఁ జేరిన యద్దకపుఁ బనివారే. గురు వడుగఁగా శిష్యులు కాదనలేరు గదా! లేఖ ఫ్రాన్సున నచ్చుపడఁగా వంశక్రమాగతమైన వృత్తిరహస్యము రహస్యము గాకపోయెను. పాదిరికి విద్యాదాహమే కావచ్చును. పనివారికిఁ గలిగిన ఫలమును వేఱుగా విచారింపవలయును.

1767లో నాతఁడు పారిసు పండితపరిషత్తునకు 'దానం', 'విధవా' మున్నగు సంస్కృతపదములకు లాటిను 'దోనుమ్', 'విదువా'లతోఁ గల సామ్యమును దెలిపెను. అది యచ్చుపడినది 1808లో. నడుమ 1786లో విలియం జోన్సు ప్రసంగించి కీర్తిఁ గొనెను. హిందువుల యాచారములఁ గూర్చి కూర్దూ వ్రాసినదియు దుబ్వా పాదిరి పేరనే చిరకాలము చెల్లినది. 1987లో సిల్వియా ముర్ పరిశోధనమునఁ గాని యా ఋణము చక్కఁగాఁ దేటపడలేదు.