పద్నాలుగు ఎపిసోడ్ల చుట్టరికం

2002 డిసెంబర్ 20న ఫాక్స్ చానల్, ఓ అంతరిక్ష నౌక సిబ్బంది కథ అయిన ‘ఫైర్‌ఫ్లై’ సీరియల్ మొదటి ఎపిసోడ్‌ని ప్రసారం చేసింది. ఆ చానల్లో వచ్చిన ఆఖరి ఎపిసోడ్ కూడా అదే. సృష్టికర్త జాస్ వీడన్ బృందం తీసిన 14 ఎపిసోడ్లలో 11 మాత్రమే, అవీ వరస తప్పి, అమెరికన్ల ఇళ్లకు చేరాయి. ఎవరు ఎవరో తెలిసేలోపే సీరియల్ ఆగిపోయింది.

మరుసటి ఏడాది డీవీడీలు వచ్చాయి. కథను వరసగా చూసినవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ అమ్మకాలు చూసి యూనివర్సల్ సంస్థ ముందుకొచ్చింది. 2005 సెప్టెంబర్ 30న అమెరికా థియేటర్లలో ఆ కథకు కొనసాగింపుగా ‘సెరెనిటీ’ సినిమా విడుదలైంది.

విమర్శకులకు చిక్కు అక్కడే వచ్చింది. హాల్లో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరిలో ఒకరికి ఆ అంతరిక్ష నౌక సొంతిల్లు, ఇంకొకరికి ఎన్నడూ అడుగుపెట్టని చోటు. ఎవరి కళ్లతో చూసి తీర్పు చెప్పాలి?

ఈ సంగతి సినిమాకీ దర్శకుడైన వీడన్‌కి తెలుసు. టైటిల్ పడ్డాక కెమెరా కెప్టెన్ మాల్ వెంటపడి నౌకంతా తిరుగుతుంది. పైలట్ వాష్, ఇంజిన్ గదిలో కేలీ, డాక్టర్ సైమన్, చివరికి అతని చెల్లెలు రివర్. మధ్యలో కట్ ఉన్నట్టే తెలియదు. మాల్ ఒక్కొక్కరితో ఆడే రెండు మాటల్లోనే ఎవరితో ఎంత చనువో, ఎవరితో ఎంత పేచీయో తేలిపోతుంది. కొత్తవాళ్లకు అది పరిచయం, పాతవాళ్లకు పుట్టింటికి వచ్చినట్టు. టీవీ కథను వెండితెరకు తెచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ చూడాల్సిన సన్నివేశమది.

విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలకు మూడు ఇచ్చాడు. సంభాషణల్లోని చమత్కారాన్ని, పాత్రల మధ్య దగ్గరితనాన్ని చాలామంది మెచ్చుకున్నారు. పెద్ద టీవీ ఎపిసోడ్‌లా ఉందని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు.

ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. ఒక్క వాష్ మరణమే చూడండి. నౌకను ప్రాణాలకు తెగించి నేలకు దించి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకునే క్షణంలో, శత్రువులు విసిరిన పెద్ద బల్లెం అద్దం పగలగొట్టుకుని వచ్చి అతని గుండెల్లో దిగుతుంది. భార్య జోయి అతన్ని లేపబోతుంది. మాల్ ఆమెను పక్కకు లాగేస్తాడు. ఏడవడానికి కూడా వ్యవధి లేదు. బొమ్మ డైనోసార్లతో ఆడుకునే ఆ మనిషిని 14 ఎపిసోడ్లుగా ఎరిగినవాళ్లకు అది ఇంట్లో చావు. గంటన్నర క్రితమే పరిచయమైనవాళ్లకు మాత్రం ఒక ఉలికిపాటు, అంతే. సినిమాలోకెల్లా బలమైన దృశ్యానికి సగం బలం సినిమా బయటినుంచే వచ్చింది.

వసూళ్లూ ఆ తేడానే చూపించాయి. సుమారు 3.9 కోట్ల డాలర్లు ఖర్చుపెడితే, ప్రపంచమంతా కలిపి దాదాపు 4 కోట్లు వచ్చాయి. థియేటర్ల వాటా తీసేస్తే గిట్టుబాటు కాలేదు. రెండో సినిమా ఊసే లేకుండా పోయింది.

సైన్స్ ఫిక్షన్ లోకం మాత్రం దాన్ని వదులుకోలేదు. 2006లో హ్యూగో పురస్కారం వచ్చింది, స్క్రిప్టుకు నెబ్యులా దక్కింది. 2007లో బ్రిటన్ పత్రిక ‘ఎస్ఎఫ్ఎక్స్’ పాఠకులు ‘స్టార్ వార్స్’ను కూడా వెనక్కి నెట్టి సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో దీనికి మొదటి స్థానం ఇచ్చారు. అదే ఏడాది నాసా వ్యోమగామి స్టీవెన్ స్వాన్సన్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్తూ ఈ డిస్కులు వెంట తీసుకెళ్లాడు. సినిమాను ఒక్కదాన్నే కాదు, సీరియల్‌ని కూడా.