ఓడ రిజిస్టరులో ముత్తాత

మీ ముత్తాత ఎంత ఎత్తుండేవారో మీకు తెలుసా? మనలో చాలామందికి తెలియదు. డర్బన్‌లోనో, ఫిజీలోని సువాలోనో ఉన్న తెలుగువాడు కాస్త ఓపిగ్గా వెతికితే మాత్రం అడుగులు, అంగుళాలతో సహా చెప్పగలడు. చెరకు తోటల పనికి ఒప్పందం మీద ఓడెక్కిన కూలీల వివరాలన్నీ బ్రిటిషువాళ్లు రాసిపెట్టుకున్నారు మరి. అదేమీ అభిమానం కాదు, మనిషి పారిపోతే పట్టుకోవడానికి. అదే ఇంట్లో పుట్టి ఊళ్లోనే ఉండిపోయిన తమ్ముడి గురించి ఒక్క ముక్క రాసినవాళ్లు లేరు.

ఫిజీ వెళ్లినవాళ్ల ఎమిగ్రేషన్ పాస్ ఒక్కటంటే ఒక్క కాగితం. ఓడ పేరు, పాస్ నంబరు, మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, దగ్గరి బంధువు ఎవరు, పెళ్లయితే ఎవరితో, ఎత్తెంత, ఒంటి మీద ఆనవాళ్లేమిటి... అన్నీ అందులోనే. పిక్క మీద పాత గాయపు మచ్చ, ముంజేతి మీద పచ్చబొట్టు లాంటివి ఆ చివరి గడిలోకి ఎక్కేవి. వీటిలో వయసును మాత్రం గట్టిగా పట్టుకోకూడదు. పుట్టినరోజు కాగితాలు లేని రోజుల్లో వయసంటే ఉజ్జాయింపే.

ఫిజీకి తొలి కూలీ ఓడ లియోనిడాస్ 1879లో కలకత్తా నుంచి వెళ్లింది. మద్రాసు నుంచి ఓడలు కదిలింది 1903లో. కాబట్టి ఫిజీలో తెలుగు ముత్తాతను వెతికేవాళ్లకు దాదాపు పాతికేళ్ల రిజిస్టర్లు తిరగేసే శ్రమ తప్పినట్టే. 1916తో ఆ ఓడలు ఆగిపోయాయి.

దక్షిణాఫ్రికాలోని నాటాల్ సంగతి ఇంకా పాతది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. 1911లో ఈ వలస ఆగేనాటికి దిగినవాళ్లు 1,52,184 మంది. అందరికీ ఒకే వరసలో కలోనియల్ నంబరు వేశారు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే పేరు అలా పడేది, ఒకే మనిషి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉండేది. నంబరు మాత్రం మారదు. అందుకే వెతకడం తెలిసినవాళ్లు ముందు అడిగేది పేరు కాదు, నంబరే. తాత పెళ్లి పత్రం మీదో, పిల్లల జనన నమోదులోనో ఆ నంబరు దొరికిందా, ఓడ జాబితాలో ఆయన వరస దొరికినట్టే.

అన్ని గడులున్నా, మనం పెళ్లిచూపుల్లో మొదట అడిగే ఇంటిపేరుకు ఆ జాబితాల్లో చోటు లేదు. తండ్రి పేరుతో సరిపెట్టారు. తర్వాతి తరాల్లో తాత సొంత పేరో, కులం గడిలో ఉన్న మాటో ఇంటిపేరై కూర్చుంది. దక్షిణాఫ్రికాలో నాయుళ్లు అంతమంది కనిపించడం, అప్పలస్వామి అనేది అక్కడ ఇంటిపేరుగా చలామణి కావడం అందుకే. అప్పలస్వామి అని వినగానే సింహాచలం అప్పన్న గుర్తొచ్చి, ఉత్తరాంధ్ర వైపు వెతకాలని మనకు తడుతుంది. దక్షిణాఫ్రికాలో పుట్టి పెరిగిన మునిమనవడికి అది ఎవరో ఒకరు చెప్పాలి.

ఫొటో కావాలంటే మారిషస్ కాగితాలు చూడాలి. ఒప్పందం తీరిన పాత కూలీలు కూడా ఫొటో అతికించిన టికెట్ వెంట ఉంచుకోవాలని అక్కడ 1867లో చట్టం చేశారు. అది లేకుండా దారిలో దొరికితే దేశదిమ్మరి కింద పట్టుకునేవారు. మనుషుల్ని అంతగా వేధించిన ఆ ఫొటోలే ఇప్పుడు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మనవలు వాటి కోసమే అక్కడికి వెళ్తున్నారు. 2024 మార్చిలో మన రాష్ట్రపతి మారిషస్ వెళ్లినప్పుడు, అక్కడి భారత సంతతి ఏడో తరానికీ ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఇస్తామని ప్రకటించారు. వంశం నిరూపించాలంటే ఆ రిజిస్టర్ల దుమ్ము దులపక తప్పదు.

ఇక బర్మా. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లకు లెక్కే లేదు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్లను కోరంగీలనే పిలిచేవారు. అయినా వాళ్ల జాడ తీయడం మహా కష్టం. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. అందుకే ఒప్పంద కూలీల పాస్ పద్ధతి అటువైపు లేదు. మేస్త్రీ బయానా ఇచ్చేవాడు, కూలీ ఓడెక్కేవాడు, అంతే.

ఊళ్లోనే ఉండిపోయినవాళ్ల వారసులం ఏం చేయాలి? తర్పణాల్లో తండ్రి, తాత, ముత్తాత పేర్లు వస్తాయి, ఆపైన నోరు తడబడుతుంది. జనాభా లెక్కల్లో చూద్దామంటే కుదరదు. అమెరికాలో 72 ఏళ్లకు, ఇంగ్లండులో వందేళ్లకు ఇంటింటి వివరాలు బయటపెడతారు. మన 1948 సెన్సస్ చట్టం ఆ తలుపు తెరవదు.

మాన్యం ఉన్న కుటుంబాలది కొంత అదృష్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1860 ప్రాంతాల్లో ఇనాం కమిషన్ ఊరూరా విచారణ చేసి ఇనాం ఫేర్ రిజిస్టర్లు రాయించింది. ఈ భూమి మొదట ఎవరికిచ్చారు, ఎవరిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, ఆయన వయసెంత, మొదటి ఇనాందారుకు ఏమవుతాడు అని వాటిలో ఉంటుంది. అర్చకులే కాదు, ఊరి చాకిరీకి మాన్యం పొందిన మంగలి, కుమ్మరి కుటుంబాలూ అక్కడ తగులుతాయి. ఆ పొలం కౌలుకు దున్నినవాడు మాత్రం కనబడడు.

పాత అడంగల్ చేతికొచ్చి, అందులో 1300 అని సంవత్సరం ఉంటే కాకతీయుల కాలం అనుకుని గంతులేయకండి. అది ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. 590 కలపండి, 1890 జూలైలో మొదలైన ఏడాది అవుతుంది.