బండి ముక్కు పైకి లేచేదెలా?

జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది, చుట్టూ చెరకు, ఆలుగడ్డ పొలాలున్నాయి. అలాంటి చోట పొలం బాట పట్టిన పికప్ ముందు భాగం నేలకు తగులుతుంటే మెకానిక్ ఏం చేస్తాడు? కొన్ని పికప్‌లలో ఒక బోల్టు తిప్పుతాడు!

ఆ బండ్లలో ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగు బదులు పొడవాటి ఉక్కు కడ్డీ ఉంటుంది. అదే టార్షన్ బార్. దాని ఒక కొన చక్రాన్ని మోసే ఆర్మ్‌కు, రెండో కొన ఛాసిస్ దగ్గరి చిన్న మీటకు బిగించి ఉంటాయి. చక్రం గతుకెక్కితే తడిబట్ట పిండినట్టు కడ్డీ మెలితిరిగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. కడ్డీ మందం రెట్టింపైతే బిగువు 16 రెట్లవుతుంది.

మీట కింది బోల్టు బిగిస్తే ఆర్మ్ కిందికి వంగుతుంది, బండి పైకి లేస్తుంది. చాలామంది అనుకున్నట్టు కడ్డీ మాత్రం గట్టిపడదు, అది మెలితిరగడం మొదలయ్యే కోణమే మారుతుంది.

అతిగా లేపితే? చక్రం కిందికి జారే జాగా తగ్గి కుదుపులు పెరుగుతాయి. టైర్లు ఒకపక్కే అరుగుతాయి. అందుకే రెండు వైపులా ఎత్తు సమంగా ఉండేలా కొలిచి, తర్వాత అలైన్‌మెంట్ తప్పక చేయించాలి.

ఇదే సూత్రం యుద్ధ వాహనాల్లోనూ ఉంది. జహీరాబాద్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే, ఎద్దుమైలారంలో 1984లో ఆయుధ కర్మాగారం ఏర్పడింది. అక్కడ తయారయ్యే ‘శరత్’ పోరాట వాహనం ఒక్కో పక్క ఆరు చక్రాలతో, టార్షన్ బార్ల మీదే నడుస్తుంది.