నవ్విచ్చేటందుకు పిలిచిండ్రు, కూసోమనలే

1961. అమెరికాల ఎన్‌బీసీ టీవీల రాత్రిపూట జాక్ పార్ షో వచ్చేది. పాటలు, ముచ్చట్లు, కామెడీ అన్నీ కలగలిసిన ప్రోగ్రాం. పద్ధతేందంటే, కమెడియన్ వచ్చి నిలవడి కొద్దిసేపు జోకులు చెప్పాలె. అయినంక పార్ సోఫా మీదికి పిలుస్తడు. ఆడ కూసుంటెనే ఇల్లు, పిల్లలు, బతుకు గురించి మాట నడుస్తది. నిలవడితే ఆటగాడు, కూసుంటె చుట్టం. గడీ ముంగట ఆడి అరుగెక్కనోళ్ల కథ మనకు ఎర్కే గద!

నల్లజాతి కమెడియన్ డిక్ గ్రెగరీకి అప్పటికి 28 ఏండ్లు. ఆ జనవరిలనే చికాగో ప్లేబాయ్ క్లబ్బుల తెల్లోళ్లను నవ్విచ్చి పేరు తెచ్చుకున్నడు. పార్ షో నుంచి పిలుపొచ్చింది. రానన్నడు! నల్లోళ్లతోని ఆడిపిచ్చుకుంటరు గని సోఫా మీద కూసోనియ్యరని గాయకుడు బిల్లీ ఎక్‌స్టైన్ ఆయనకు చెప్పిండట. ఆఖరికి పారే ఫోన్ చేసి కూసోబెడ్త అన్నంకనే పోయిండు. ఈ ముచ్చట గ్రెగరీ ముసలోడయ్యేదాంక చెప్పుకుంట వచ్చిండు.

సోఫా మీద ఆయన తన పిల్లల గురించి మాట్లాడిండు. నల్లోళ్ల పిల్లలు గూడ మా పిల్లల లెక్కనే ఉంటరని మాకు తెల్వదని తెల్లోళ్లు ఫోన్లు చేసిండ్రట. తెల్వకపోవుడేంది? వాళ్ల పిల్లల్ని సాదింది ఎందరో నల్ల తల్లులే!

ఆ రాత్రి తర్వాత ఆయన సంపాదన ఎన్నో రెట్లు పెరిగింది. 1963ల మిసిసిపీల ఓటు హక్కు కోసం కొట్లాడేటోళ్లకు తిండి సామాన్లు ఇమానంల పంపిచ్చిండు. అదే ఏడు బర్మింగ్‌హామ్ల జైలుకు పోయిండు.