నేతగాళ్లు నిలబడిన రోజు

*1302లో ఫ్రాన్సు రాజు గుర్రపు దండును ఫ్లాండర్స్ కాల్బలం మట్టికరిపించింది.*

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో, న్యూ కాలేజీలో ఓ పాత ఓక్ పెట్టె ఉంది. దాని ముందు పలక మీద చెక్కింది ఒక యుద్ధం. అందులో కొందరి చేతుల్లో దుడ్డుకర్రలుంటాయి. తల లావు, కొసన ఇనుప మేకు. మేకుతో పొడవొచ్చు, తలతో మోదొచ్చు. పేరు గూడెన్‌డాగ్. వాళ్ల డచ్ భాషలో పలకరింపు మాట కూడా అదే! ఆ కర్రలు పట్టినవాళ్లలో చాలామంది మగ్గాల మీద బతికినవాళ్లు.

ఏలిక ఒకచోట, ఉన్ని మరోచోట

నేటి బెల్జియం ప్రాంతంలోని ఫ్లాండర్స్ ప్రభువు గీ ద దాంపియేర్ ఫ్రాన్సు రాజుకు సామంతుడు. బ్రూజ్, గెంట్, ఈప్ర్ నగరాల్లో మగ్గం ఆడాలంటే మాత్రం ఇంగ్లండు ఉన్ని రావాలి. ఆ రెండు రాజ్యాలకూ పడదు. గీ తన కూతురు ఫిలిప్పాను ఇంగ్లండు యువరాజుకు ఇవ్వబోతే, ఫ్రాన్సు రాజు నాలుగో ఫిలిప్ ఆ పిల్లను నిర్బంధించాడు. 1306లో చనిపోయేదాకా ఆమెకు విడుదల లేదు. 1297లో గీ సామంతరికం వదులుకున్నాడు. 1300 నాటికి ఫ్లాండర్స్ ఫ్రాన్సు వశమైంది, గీ బందీ అయ్యాడు.

నగరాల్లోని సంపన్నులు చాలామంది రాజు పక్షం చేరారు. పన్నుల భారంతో నలిగిన చేతివృత్తులవాళ్లు మాత్రం లొంగలేదు. 1302 మే 18 తెల్లవారుజామున బ్రూజ్‌లో ఫ్రెంచి సైనికుల మీద విరుచుకుపడ్డారు. తిరుగుబాటుదారుల్లో ముందున్న పీటర్ ద కోనింక్ నేతగాడే.

కోర్ట్రైక్ వాగుల దగ్గర

జులై 11. కోర్ట్రైక్ ఊరి బయట వాగులను ముందుంచుకుని సుమారు తొమ్మిది వేలమంది ఫ్లాండర్స్‌వాళ్లు భుజం భుజం కలిపి నిలబడ్డారు. ఎదురుగా, తిరుగుబాటును అణచడానికి ఆర్త్వా ప్రభువు రాబర్ట్ నడిపించుకొచ్చిన రెండున్నర వేల ఫ్రెంచి అశ్వదళం. వాగులు దాటి దూసుకొచ్చినా వరుస చెదరలేదు. వెనక్కి తగ్గిన గుర్రాలు వాగుల బురదలో కూరుకుపోయాయి. రాబర్ట్‌తో సహా వెయ్యిమంది దాకా యోధులు నేలకొరిగారు. వాళ్ల మడమలకున్న బంగారు ముళ్లను ఏరి, ఊళ్లోని మేరీమాత చర్చిలో వేలాడదీశారు.

గెలుపు మిగల్లేదు. 1304లో మోన్‌స్-ఆన్-పెవెల్ దగ్గర ఫ్రాన్సు నిలదొక్కుకుంది. 1305 ఒప్పందం ఫ్లాండర్స్ నెత్తిన భారీ జరిమానా మోపి, లిల్, దువే పట్టణాలను లాక్కుంది. గీ బందీగానే కన్నుమూశాడు. 1382లో ఫ్రెంచివాళ్లు ఆ బంగారు ముళ్లనూ పట్టుకుపోయారు.

అయినా ఏ సంతకమూ చెరపలేనిది ఒకటుంది. అంతవరకూ సంపన్నుల సొత్తుగా ఉన్న నగర పాలక సభల్లో 1302 తర్వాత వృత్తిసంఘాల మనుషులు కూర్చున్నారు. బెల్జియంలోని ఫ్లాండర్స్‌కు నేటికీ జులై 11 పండుగరోజు. ఆక్స్‌ఫర్డ్ పెట్టె మీద ఎగురుతున్నవాటిలో ఆ వృత్తిసంఘాల జెండాలూ ఉన్నాయి. యుద్ధాల చరిత్రలో రాజులకే దక్కే చోటును, ఆ రోజు పనిచేసే చేతులు సంపాదించుకున్నాయి.